తిప్పక్క కట్టించిన కాలువ

ఊఁ కొట్టండి, చెబుతాను. మీరు ఊఁ ఆపితే నేనూ ఆపేస్తాను.

అనగనగా గుట్టల నడుమ ఒక పట్నం. ఒకనాడు పొద్దున్నే భూమి కదిలింది. మేడలు కూలాయి, గుడిసెలు కూలాయి, కొండమీది ఊటనీళ్ళను పట్నానికి తెచ్చే రాతికాలువ ముక్కలైంది. రాజుగారి మనుషులు మూటలు సర్దుకుని జారుకున్నారు. వాళ్ళ సంగతి తెలిసిందే!

మిగిలినవి మూడు వీధులు: పైన నేతనేసే సాలెలది, నడుమ కమ్మరులది, కింద మట్టిపని చేసే ఉప్పరులది. ఒకదాని మీద ఒకదానికి అనుమానం. కాలువ రాళ్ళు కమ్మరులు ఎత్తుకుపోయారని సాలెలు. సాలెలే ఎత్తుకుపోయారని ఉప్పరులు. ఉప్పరులే ఎత్తుకుపోయారని కమ్మరులు. నిజం చెప్పాలంటే అందరూ తలా కాసిని ఎత్తుకుపోయారు.

ఉప్పర వీధిలో మన్ను మోసి బతికే ముసలావిడ తిప్పక్క. మూడు వీధుల వాళ్ళనూ ఆమే పిలిచింది.

"ఇండ్లు తర్వాత కట్టుకుందురు. నీళ్ళు లేకుంటే వేసవికి పట్నమే ఉండదు. సాలె వీధి కాలువ కమ్మరులు కట్టాల. కమ్మరి వీధిది మేం కడతాం. ఆఖర్న మాది సాలెలు కట్టాల. ఎవరిది వాళ్ళు కట్టుకుంటే మంచి రాళ్ళన్నీ ఎవరి వీధికి వాళ్ళు లాక్కుంటారు."

"కమ్మరులు మాకు సరిగ్గా కడతారని ఏం నమ్మకం?" అన్నాడు సాలెల పెద్ద చౌడప్ప.

"నమ్మకపోతే వచ్చి కూర్చో నాయనా."

వచ్చి కూర్చున్నాడు. ఎంతసేపని కూర్చుంటాడు? తిప్పక్క అతని చేతికి గంప అందించింది. "చూస్తానే మొయ్యి. చేతులు ఖాళీయే కదా!" సాలె వీధికి నీళ్ళొచ్చాయి.

తర్వాత ఉప్పరులు కడుతుంటే కమ్మరులు గుర్రుగా చూశారు. "నమ్మకపోతే వచ్చి కూర్చోండి," అంది తిప్పక్క. వచ్చారు, కూర్చున్నారు, వాళ్ళూ గంపలెత్తారు. కమ్మరి వీధికీ నీళ్ళొచ్చాయి.

ఇక ఉప్పర వీధి మిగిలింది. కట్టాల్సిన సాలెలు రాలేదు. ఎండలు ముదిరాయి. ఎక్కడ తోడేస్తారోనని పై వీధుల వాళ్ళు కడవ ముంచనివ్వలేదు. తిప్పక్క తమ్ముడి కొడుకు నాగన్న ఆమె మీదే విరుచుకుపడ్డాడు.

"ఏం తీసుకుని మనల్ని ఆఖర్న పెట్టినావత్తా? వాళ్ళ గొంతు తడిసింది. ఇంక వస్తారా?"

"మనకే ముందు పెట్టుకొని ఉంటే ఒక్కడన్నా గంప పట్టేవాడారా?"

ఉప్పర వీధి బురద చెలమ నీళ్ళే తాగింది. తిప్పక్కా అవే తాగింది. జ్వరం పట్టుకుంది. "నీళ్ళొచ్చినాయా?" అని అడిగింది. "రాలేదత్తా," అన్నాడు నాగన్న. అదే ఆమె ఆఖరి మాట.

ఆమెను మట్టి చేసి వచ్చి నాగన్న గడ్డపార అందుకున్నాడు. పై వీధుల కాలువ పగలగొడదామని బయల్దేరాడు. వీధి మొదట్లో చౌడప్ప ఎదురొచ్చాడు. వెనక సాలెలు, కమ్మరులు. నెత్తిన గంపలు, గంపల్లో తమ గోడల్లోంచి పీకిన కాలువ రాళ్ళు.

"ఏందప్పా అట్ల చూస్తావు?" అన్నాడు చౌడప్ప. "నమ్మకపోతే వచ్చి కూర్చో."

నాగన్న గడ్డపార వదలకుండానే కూర్చున్నాడు. ఎంతసేపని కూర్చుంటాడు? ఏడుస్తూనే లేచి, అదే గడ్డపారతో కాలువ తవ్వాడు.

నీళ్ళొచ్చాయి. తిప్పక్క మాత్రం ఒక్క గుక్కా తాగలేదు. ఆ బాధ ఆ పట్నానికి ఇంకా పోలేదు.

ఇప్పటికీ ఏటా కాలువ పూడిక తీశాక పై వీధుల తూములు మూసేస్తారు. ఉప్పర వీధిలో ఒక ముసలమ్మ కడవ నింపుకుని "నీళ్ళొచ్చినాయి!" అని కేకెయ్యాలి. అందాకా పై వీధుల్లో ఎవరూ గుక్కెడు నీళ్ళు ముట్టరు. ఆ కేక నిజమో కాదో చూసి రమ్మని మాత్రం ఒక మనిషిని పంపుతారు. చూడ్డానికి వెళ్ళినవాడు ఆ ముసలమ్మ కడవ మోసి ఇంట్లో దించి మరీ వస్తాడు.