దిష్టిబొమ్మ పడిన ఫోటో

అనగా అనగా, రాజులింకా కోటల్లో ఉన్న కాలం. కెమెరాలొచ్చినా ఎద్దులకింకా మాటలు పోని కాలం.

గెడ్డవలస అనే ఊళ్ళో నూకరత్నం ఉండేది. నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకు సిగ్గు. చేత్తో మేపి పెంచిన ఎద్దు పుల్లడితో మాత్రం పొద్దస్తమానం కబుర్లే.

ఒకనాడు రాజుగారు పుల్లడి నడక చూసి ముచ్చటపడి, రథానికి కావాలన్నారు. ఊరంతా మురిసిపోయి, మెడలో గంటలు కట్టి పంపింది.

కోటలో పుల్లడు గడ్డి ముట్టలేదు.

"మా ఊరు కళ్ళబడితే గానీ నాకు మేత దిగదు" అన్నాడు.

కోటకు చేరిన ఎద్దు మళ్ళీ గుమ్మం దాటకూడదని అక్కడి ఆచారం.

"అయితే ఆ ఊరి ఫోటో తెండి!" అన్నారు రాజుగారు.

ముందు ఆస్థానం ఫోటోగ్రాఫరు వెళ్ళాడు. అతని కెమెరా ఫిరంగంత ఉంది. అది చూడగానే ఊరివాళ్ళు పెట్టెల్లోంచి పట్టుబట్టలు తీసి కట్టుకుని, పొలానికి అడ్డంగా వరసకట్టి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

తలుపంత ఫోటో వచ్చింది. పుల్లడు చూసి, "ఎవరిదీ పెళ్ళి?" అని మొహం తిప్పుకున్నాడు.

తరవాత ఖరీదైన కెమెరా ఉన్న ఒక షావుకారు వెళ్ళాడు. గోడల మీది పిడకలు ఊడబీకించాడు. గేదెల్ని చాటుకు తోలించాడు. మనుషుల్ని ఇళ్ళలోకి పొమ్మన్నాడు. అద్దంలాంటి ఫోటో తీశాడు.

"ఈ ఊళ్ళో ఎవరూ కాపురం ఉండరా?" అన్నాడు పుల్లడు. అప్పటికే వాడి డొక్కలు లోపలికి పోయాయి.

ఆ కబురు విని నూకరత్నం ప్రాణం విలవిల్లాడింది. తీర్థపు సంతలో కొనుక్కున్న చౌకరకం డిజిటల్ కెమెరా ఒకటుంది ఆమెకు. దాన్ని కొంగులో దాచుకుని పొలానికి నడిచింది.

చేలో నాట్లు పడుతున్నాయి. గేదె మీద కొంగ. గట్టు మీద చద్ది గిన్నెలు. నడుమ దిష్టిబొమ్మ: కుండ తలకు సున్నం బొట్లు, ఒంటికి ఊరి పెద్ద పెదనాయుడి పాత చొక్కా. ఆ చొక్కాకు ఒక చెయ్యి లేదు.

పెదనాయుడు గట్టు మీంచి కేకేశాడు. "ఓలమ్మ రత్నం! ఆ బొమ్మ పడకుండా తియ్యవే! నా చిరుగుల చొక్కా రాజుగారు చూడాలా? ఊరి పరువు గంగలో కలిపేస్తావా?"

"అది లేకపోతే మన చేను కాదు మావా" అంది నూకరత్నం, తలెత్తకుండానే. మీట నొక్కింది.

నూకరత్నం వెంట ఊరి పెద్దగా పెదనాయుడు కూడా కోటకు రాక తప్పలేదు. కెమెరా వెనక తెర మీద బొమ్మ చూసి సభంతా గొల్లున నవ్వింది.

"గేదె తోక చెదిరిపోయింది!"

"ఆ బొమ్మ మీ ఊరి రాజా? చొక్కా కుట్టించిన మహానుభావుడెవరమ్మా?"

పెదనాయుడు స్తంభం చాటుకు తప్పుకున్నాడు. నూకరత్నం మాత్రం వెనక్కి తగ్గలేదు. ఆ చిన్న తెరను పుల్లడి కంటి దగ్గర పెట్టింది.

పుల్లడు ఒంటి కన్నుతో చూశాడు. చెవులు నిక్కాయి. గంటలు ఘల్లుమన్నాయి.

"రత్నమ్మా! నేను మెడ రుద్దుకునే దిష్టిబొమ్మ కర్ర ఇదే కదా! ఆ చొక్కా చెయ్యి నమిలేసింది నేనే కదా! ఇది మా ఊరే!"

అంటూనే గడ్డిలో మూతి పెట్టాడు.

సభలో నవ్వులు ఆగిపోయాయి. రాజుగారు లేచి నిలబడ్డారు. "ఈ ఫోటోను పెద్దది చేయించి మేతతొట్టి ఎదుట కట్టించండి. ఇంతకీ ఆ చొక్కా ఎవరిది?"

పెదనాయుడు స్తంభం చాటు నుంచి వచ్చి, మీసం దువ్వి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"నాదే మహారాజా! ఆ చేను మాది, ఆ ఊరు మాది, ఫోటో తీసిన పిల్ల మా రత్నం!"

నూకరత్నం ఆ రోజు మొదటిసారి నలుగురిలో తలెత్తి నవ్వింది.

నీతి: మన ఊరిని ఉన్నది ఉన్నట్టు చూపించడానికి సిగ్గుపడనివారికే, దాన్ని చూసి గర్వపడే హక్కు దక్కుతుంది.