పడుకుని తీయించుకున్న ఫోటో

శిష్యులు ఏదైనా అడిగితే పరంజ్యోతి మేడం వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తూ, కాకినాడలో పదిమందికి ఆ పని నేర్పుతున్న ఆవిడకు వాదించే అలవాటు మాత్రం లేదు. ఆ రోజు శిష్యుల్లో ఒకడైన కిరీటి అడిగింది ఇదీ: "నా ఫోన్‌లో ఫోటో నిటారుగానే వస్తోంది మేడం. ఆ నర్సుల ఫోన్లలో అడ్డంగా వస్తే తప్పు నాదెలా అవుతుంది?"

కిరీటి రాసినది కంటి పరీక్షలకు వాడే కెమెరా యాప్. ఊళ్లలో నర్సులు రోగుల ముఖం ఫోటో తీసి పంపితే, టౌన్‌లో డాక్టరు చూసి ఎవరికి ఆపరేషన్ అవసరమో చెబుతారు. కొన్ని ఫోన్లు ఫోటోను తామే తిప్పి దాస్తాయి. మరికొన్ని ఉన్నదున్నట్టు దాచి, ఎటు తిప్పి చూపించాలో ఫైల్లో ఒక గుర్తు రాసిపెడతాయి. పంపడానికి సైజు తగ్గించేటప్పుడు కిరీటి యాప్ ఆ గుర్తును వదిలేస్తోంది. అతని కొత్త ఫోన్‌కు ఆ గుర్తుతో పనే లేదు కనక లోపం అతని కంట పడలేదు. ఫిర్యాదు వస్తే, ఫోన్ సరిగ్గా పట్టుకోమని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

మేడం బ్యాగు భుజానికి తగిలించుకుని లేచారు. లాప్‌టాప్ తెచ్చుకోమన్నారు, అంతే. ఇద్దరూ బస్సెక్కి, తాళ్లరేవు దాటాక ఒక చిన్న ఊళ్లో దిగారు.

అక్కడి ఆరోగ్య కేంద్రంలో అప్పలనర్సమ్మ అనే నర్సు ఫోటోలు తీస్తోంది. ఫోటో కదలకుండా ఫోన్‌ను చెక్క స్టాండుకు నిలువుగా మేకులతో బిగించారు. దానికెదురుగా బల్ల మీద సూరన్న అనే ముసలాయన ఒక పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. తుంటి నొప్పికి పళ్లు బిగబట్టి, కళ్లు మాత్రం పెద్దవి చేసి చూస్తున్నాడు. గోడవారగా మరో ఏడుగురు తమ వంతు కోసం కూర్చున్నారు. వాళ్లలో ఒకావిడ తలకింద పెట్టుకోవడానికి తువ్వాలు చుట్ట చుట్టి సిద్ధంగా ఉంచుకుంది.

ఎందుకు పడుకోబెట్టారని కిరీటి అడిగాడు.

"కూర్చోబెట్టి తీస్తే ఫోటో పడుకుంటోంది బాబూ," అంది నర్సు. "ఇలాంటివి చూడలేనని డాక్టరు గారు అన్నీ వెనక్కి పంపేశారు. యాప్ వాళ్లకి రాస్తే ఫోన్ సరిగ్గా పట్టుకోమన్నారు. మేకులు కొట్టిందాన్ని ఎలా పట్టుకోవాలో మాకు తెలీలేదు. మా చేతకానితనానికి పాపం వీళ్లని ఇలా కష్టపెడుతున్నాం."

 ఆ మాట రాసింది తనేనని చెప్పడానికి కిరీటికి నోరు రాలేదు. మూల ఉన్న స్టూలు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాడు. నలభై నిమిషాలు తల ఎత్తలేదు. సైజు తగ్గించకముందే యాప్ ఆ గుర్తు చదివి, దాని ప్రకారం ఫోటోను తిప్పేలా మార్చాడు. దాన్ని నర్సు ఫోన్‌లో వేశాక సూరన్నను మళ్లీ పిలిచి, ఈసారి కుర్చీలో కూర్చోబెట్టి తీశారు. ఫోటో నిటారుగా వచ్చింది. పడుకోనక్కర్లేదా అని ముసలాయన నమ్మలేక రెండుసార్లు అడిగాడు. అప్పలనర్సమ్మ కిరీటికి రెండు చేతులూ జోడించింది. అతను ఆవిడ ముఖం చూడలేక, సర్దడం కూడా పూర్తికాని బ్యాగుతోనే బయటికి వచ్చేశాడు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ మేడం పక్కకి వచ్చి, తల దించుకునే అన్నాడు: "ఆవిడ నాకు దణ్ణం పెట్టింది మేడం. ఆ జవాబు రాసింది నేనేనని చెప్పలేకపోయాను."

మేడం అతన్ని ఓదార్చలేదు, మందలించలేదు. బస్సు వచ్చే వైపు ఒకసారి, ఆరోగ్య కేంద్రం గుమ్మం వైపు ఒకసారి చూసి అన్నారు:

"బస్సుకి ఇంకా పావుగంట టైముంది కిరీటీ."