పేరు పెట్టని బిడ్డ

పరాంకుశం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుంటారు. జనాభా శాస్త్రంలో ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళకి కాళ్ళు అరగడమే తప్ప చెవులు నిండవని విశ్వవిద్యాలయంలో వేళాకోళం.

ఆయన శిష్యురాలు ఇందుమతి కొండవాళ్ళ ఇళ్ళకీ, మైదానం వాళ్ళ ఇళ్ళకీ తిరిగి, ఏడాది నిండకుండానే పోయిన పసిబిడ్డల లెక్క తీసింది. కొండ మీదే చావులు తక్కువని తేలింది. అది చూసి అధికారులు, కొండ కింద నర్సమ్మ వైద్యం చేసే గదిని మూసేసి ఆవిణ్ణి మైదానానికి పంపేద్దామనుకుంటున్నారు. ఇందుమతికి మాత్రం మనసు కుదుటపడలేదు.

"మాస్టారూ, అక్కడ రోడ్డు లేదు, కడుపునిండా తిండి లేదు. అయినా వాళ్ళ బిడ్డలే ఎక్కువ బతుకుతున్నారంటే నమ్మొచ్చా?" అని అడిగింది.

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

వాళ్ళు కొండ ఎక్కేసరికి మబ్బు ఇళ్ళ చూరుల దాకా దిగి ఉంది. ఇల్లెక్కడో, అడవెక్కడో తెలియడం లేదు. కనబడని కోడి ఒకటి ఎక్కడో కూస్తోంది. ఇందుమతికి నిద్రలో నడుస్తున్నట్టుంది. సుక్కమ్మ అనే ఆవిడ వాకిట్లో ఒక పిల్లాడు చింతగింజలతో ఆడుకుంటున్నాడు. అరుగు మీద చీర ఉయ్యాల మెల్లగా ఊగుతోంది.

ప్రతి ఇంట్లోనూ అడిగిన మాటే ఇందుమతి ఇక్కడా అడిగింది. "పిల్లలెంతమందమ్మా?"

"ఒక్కడే. అడుగో."

"మరి ఉయ్యాల్లో ఉన్న పాప?"

"అదింకా మాది అవనేదమ్మా. పన్ను మొలిస్తే పేరెడతాం. పేరెడితే మాది."

ఇందుమతి లెక్కల పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పింది. ఆ "ఒక్కడే" అన్న మాట రాసుకుని, దణ్ణం పెట్టి, ఎన్ని గడపలు దాటి వచ్చిందో! "పన్ను మొలవకుండానే పోయినవాళ్ళు ఉన్నారా?" అని మెల్లగా అడిగింది.

సుక్కమ్మ ఉయ్యాల తాడు పట్టుకుంది. "పేరు నేని పిల్లని ఏటని పిలిచి ఏడవాలమ్మా?" అంది. అంటూనే ఆవిడ కళ్ళు నిండాయి. కన్నీళ్ళకి పేరుతో పనేముంది గనక.

ఇందుమతి ఉయ్యాల్లో చెయ్యి పెట్టి చూసింది. పాప ఒళ్ళు కాలిపోతోంది. మాస్టారు తన కండువా తీసి ఇచ్చారు. పిల్లాణ్ణి పొరుగింట్లో అప్పగించి, ముగ్గురూ పాపని ఎత్తుకుని ఆ మబ్బులోంచే కొండ దిగారు.

నర్సమ్మ మందు పోసింది, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. పొద్దువాలే వేళకి జ్వరం దిగింది. సుక్కమ్మ నాలుగు మెతుకులు తినడానికి కూర్చుంటే, పాప ఇందుమతి ఒడిలో గుప్పిళ్ళు మూసుకుని నిద్రపోయింది.

"నా లెక్క ప్రకారం ఈ పిల్ల అసలు లేనే లేదు మాస్టారూ!" అంది ఇందుమతి, ఏడుపు ఆపుకోలేక.

మాస్టారు పాప మీద కండువా సర్దారు.

"ఒడిలో బరువు తెలుస్తోందా, అమ్మాయ్?" అన్నారు.