విమానానికి పెట్టిన బొట్టు

రండి, ముందుకు జరగండి. చాప చివర కూర్చున్నవాళ్ళు కూడా ఇటు రండి, నా గొంతు మునుపటంత లేదు. గోడవారన నిలబడ్డ పెద్దవాళ్ళూ కూర్చోవచ్చు. నిజానికి ఈ కథ పిల్లలకంటే మీకే ఎక్కువ పనికొస్తుంది.

గుడిమెట్ల సోమశేఖరంగారికి ఒక అలవాటు ఉండేది. తన చేత్తో ఏ పని చేసినా, అది అయిందని తనంతట తాను అనేవారు కాదు. శిష్యురాలిని పిలిచి "చూడమ్మా" అని, తాను అవతలికి వెళ్ళిపోయేవారు. తాను పక్కనే ఉంటే ఆ అమ్మాయి మొహమాటపడుతుందని ఆయన భయం.

ఆయన వాయుసేనలో విమానాల మరమ్మతు చేసి రిటైరైన మనిషి, ఊళ్ళో అందరూ మాస్టారనే పిలిచేవారు. ఊరికి తిరిగివచ్చాక విమానం నడపడం కూడా నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నారు. పొగాకు గ్రేడింగు మానేశాక ఖాళీగా పడివున్న తమ పాత షెడ్డులో, చెక్కపెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన ఒక చిన్న విమానాన్ని కూర్చడం మొదలుపెట్టారు. అలాంటివి అమ్ముతారు. రేకులు, గొట్టాలు, తీగలు, బోల్టులు అన్నీ పంపిస్తారు. ఓపిక ఒక్కటీ ఆ పెట్టెల్లో రాదు, అది మనం పెట్టుకోవాల్సిందే.

ఊళ్ళోవాళ్ళు షెడ్డు ముందునుంచి పోతూ ఊరుకునేవారు కాదు. "ఏం మాస్టారూ, ఇంకా పొదుగుతూనే ఉన్నారా? పిల్ల ఎప్పుడు బయటికొస్తుంది?" అనేవారు. ఆయన రేకు మీదనుంచి తల ఎత్తకుండానే, "తొందరపడి పగలగొడితే పిల్ల రాదయ్యా, అట్టు వస్తుంది" అనేవారు.

ఆ శిష్యురాలి పేరు కస్తూరి. పాలిటెక్నిక్ చదివి, ఉద్యోగం కోసం తిరుగుతూ, ఒకరోజు ఆ షెడ్డు గుమ్మం దగ్గర ఆగిపోయింది. మర్నాడూ వచ్చింది. తరువాత రావడం మానలేదు. మొదట్లో రేకుల్ని కలిపి ఆమె కొట్టిన రివెట్లకంటే తొలిచి తీసేసినవే ఎక్కువ. ఒకటి వంకరగా దిగితే దాన్ని తీసి మళ్ళీ కొట్టాలి. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "తియ్యడం కూడా పనేనమ్మా" అని మాస్టారు మరో రివెట్టు అందించేవారు.

బిగించిన ప్రతి బోల్టు మీదా ఎర్రరంగు చుక్క ఒకటి పెట్టడం ఆ పనిలో పద్ధతి. చుక్క ఉంటే అది బిగిసినట్టు. దాన్ని చూసి మాస్టారి భార్య తాయారమ్మగారు నవ్వేవారు. "మీరు బోల్టులకి కూడా బొట్లు పెడతారు, మీ విమానం పుట్టుముత్తయిదువండీ."

ఒకనాడు కస్తూరి తోక దగ్గర పని చూస్తుంటే, ఒక బోల్టు వదులుగా చేతికి తగిలింది. అది మాస్టారు బిగించినది. పైన చుక్క కూడా ఉంది. ఆమె అటూ ఇటూ చూసి, చప్పుడు కాకుండా తనే బిగించి, పాత చుక్క తుడిచి కొత్తది పెట్టింది. సాయంత్రం ఆయన అక్కడ చెయ్యి పెట్టి ఆగిపోయారు.

"ఈ చుక్క నాది కాదే."

కస్తూరి తల దించుకుంది. "మాస్టారూ, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. మీరు నాకు పని నేర్పినవారు. మీ పనిలో తప్పుందని నేను మీ ముఖం మీద చెప్పడం మర్యాదేనా? గౌరవించేవాళ్ళ తప్పు ఎత్తిచూపితే ఆ గౌరవం మిగులుతుందా?"

ఆయన కోప్పడలేదు. జవాబూ చెప్పలేదు. స్పానరు ఆమె చేతికిచ్చి, "విప్పు. ఇద్దరం కలిసి బిగిద్దాం" అన్నారు.

రోజులు గడిచాయి. అధికారులు వచ్చి చూసుకుని, ఎగరడానికి అనుమతి ఇచ్చారు. ఊరికి కాస్త దూరంలో ఎప్పటిదో వాడకంలేని రన్‌వే ఒకటి ఉంది. దానిమీద గడ్డి కోయించారు. రెక్కలు విడిగా తీసుకువెళ్ళి అక్కడే బిగించారు. తాయారమ్మగారి పట్టుదల మీద ముహూర్తం పెట్టించారు. ఊరు ఊరంతా తరలివచ్చింది. పొదిగిన పిల్లను చూడాలిగా.

మాస్టారు తెల్లవారుతూనే విమానమంతా చూసుకున్నారు. ఆ తరువాత పూజ. తాయారమ్మగారు పట్టుచీర కట్టుకుని, గంధం గిన్నె, కుంకుమ భరిణ పట్టుకుని విమానం చుట్టూ తిరిగారు. ముక్కుకి పెట్టారు, రెక్కలకి పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ముహూర్తం దగ్గరపడింది.

మాస్టారు కస్తూరిని పిలిచారు. "చివరిసారి చుట్టూ చూసిరా అమ్మా. నువ్వు సరేనంటే ఎక్కుతాను." అలవాటు ప్రకారం ఆయన దూరంగా వెళ్ళి నిలబడ్డారు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ విమానానికి, కూర్చునే చోటికి వెనగ్గా, ఒంటికి రెండు పక్కలా చిన్న గుండ్రటి బొడిపె ఉంటుంది. దాని నడుమ సూది దూరేంత కన్నం. బయటి గాలి ఒత్తిడి ఆ కన్నంలోంచే లోపలి మీటర్ల ముళ్ళకు తెలుస్తుంది. అది మూసుకుపోతే ఎత్తు చూపే ముల్లు ఇంకా నేలమీదే ఉన్నానంటుంది. వేగం చూపే ముల్లు అబద్ధం చెబుతుంది. మొట్టమొదటిసారి గాలిలోకి లేచే విమానం తీరు ఎవరికి తెలుసు? నడిపేవాడు ఆ ముళ్ళనే నమ్ముకోవాలి.

కస్తూరి ఆ బొడిపె దగ్గరికి వచ్చి ఆగిపోయింది. దానిమీద చిక్కటి గంధం, గంధం మీద కుంకుమ. రెండోపక్కకి వెళ్ళింది. అక్కడా అంతే. నున్నటి ఆ ఒంటి మీద, బొట్టు పెట్టుకోవడానికే చేసినట్టు గుండ్రంగా ఉన్న చోటు అదొక్కటే. తాయారమ్మగారు ముచ్చటపడి అక్కడ పెట్టారు.

కస్తూరి చేతిలో తడిగుడ్డ ఉంది. చెయ్యి మాత్రం లేవలేదు. మొగుడు విమానమెక్కే వేళ, ఇల్లాలు పెట్టిన కుంకుమ, ఊరందరి ఎదుటా తుడవాలి. ఆ అమ్మాయికి తండ్రి లేడు. తండ్రి పోయినప్పుడు ఆడవాళ్ళు తల్లి నుదుటి మీద కుంకుమ తుడిచెయ్యడం గుమ్మం పక్కన నిలబడి చూసిన పిల్ల. తుడవడమంటే ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏమ్మా, సరేనా?" దూరంనుంచి మాస్టారు కేక వేశారు.

"వేళ దాటిపోతోంది బావా, ఎక్కవయ్యా!" అన్నాడు తాయారమ్మగారి అన్న నరసయ్య.

"సరే మాస్టారూ" అన్న మాట కస్తూరి నోట వచ్చేసింది. ఆయన వచ్చి రెక్క మీద కాలు మోపారు. ఆమె అది చూసింది. అంతే, అడ్డంవెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"సరి కాదు మాస్టారూ. నేను అబద్ధం చెప్పాను."

"ఏది?"

ఆమె చెప్పలేక చూపించింది. "పిన్నిగారు పెట్టిన బొట్టు. రెండు కన్నాలూ మూసుకుపోయాయి."

జనంలో కలకలం లేచింది. నరసయ్య ముందుకొచ్చి, "బుద్ధుందా పిల్లా! బయల్దేరేవేళ బొట్టు చెరపమంటావా? ఎవరి బొట్టో తెలుసా అది?" అని గద్దించాడు. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "తల్లికి జరిగింది అందరికీ జరగాలని కాబోలు" అంది, అందరికీ వినబడేలాగే.

కస్తూరి ముఖం పాలిపోయింది. అప్పుడు మాస్టారు ఒక్క మాట అడ్డువేస్తే సరిపోయేది. ఆయన వెయ్యలేదు. రెక్క మీదనుంచి కాలు దించి, భార్య వైపు చూస్తూ నిలబడ్డారు.

తాయారమ్మగారు దగ్గరికి వచ్చారు. "ఆ కన్నం ఎందుకే?"

"విమానానికి అది ముక్కులాంటిది పిన్నిగారూ. అది మూస్తే, తాను ఎంత ఎత్తున ఉన్నారో మాస్టారికే తెలియదు."

"తెలియకపోతే?"

కస్తూరి చూపు మాస్టారి వైపు తిరిగింది. తాయారమ్మగారు ఆమె ముఖంలోకి కాసేపు చూశారు. తరువాత ఆమె చేతిలోని తడిగుడ్డ అందుకున్నారు.

"నేను పెట్టింది నేనే తీస్తున్నాను. ఎవరూ నోరెత్తకండి" అన్నారు. ఒకవైపు తుడిచారు. చుట్టూ నడిచి రెండోవైపు తుడిచారు. తుడిచిన గుడ్డను మడతపెట్టి, కింద పడెయ్యకుండా, బొడ్లో దోపుకున్నారు.

అంతటితో అయిపోలేదు. గంధం కన్నంలోకి దిగింది. సీటు వెనక విప్పి, లోపలి గొట్టం ఊడదీసి శుభ్రం చేసేసరికి ముహూర్తం దాటిపోయింది. "పొదిగింది మురిగిపోయిందిరోయ్" అనుకుంటూ జనం ఎడ్లబళ్ళూ మోటారుసైకిళ్ళూ ఎక్కి వెళ్ళిపోయారు. నరసయ్య చెల్లెలితో మాట్లాడకుండా వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురే వచ్చారు. ముహూర్తం లేదు, మేళం లేదు. తాయారమ్మగారు మాత్రం భరిణ తెచ్చారు. విమానం పక్కన నిలబడి, వేలికి కుంకుమ అద్దుకుని, "ఎక్కడ పెట్టమంటావే?" అని కస్తూరిని అడిగారు. కస్తూరి తలుపు కింద ఖాళీ చోటు చూపించింది. ఆవిడ అక్కడ పెట్టారు.

మాస్టారు ఎక్కారు. విమానం పరుగెత్తి, నేల వదిలింది. పొగాకు చేల మీదుగా పెద్ద చుట్టు తిరిగింది. కింద ఆడవాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తలలెత్తి నిలబడ్డారు. అది దిగి ఆగేదాకా ఆ చేతులు విడలేదు.

ఆయన దిగి కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే, కస్తూరి దగ్గరికి వెళ్ళింది. "మాస్టారూ, తప్పు ఎత్తిచూపితే గౌరవం మిగులుతుందా అని ఆనాడు బోల్టు దగ్గర అడిగాను, మీరింకా జవాబు చెప్పలేదు."

ఆయన రెక్క పక్కన నిలబడ్డ భార్యను చూశారు.

"నిన్న తుడిచిన చెయ్యి ఎవరిదో చూశావుగా. ఆ చేతినడుగు" అన్నారు.

అంతే. ఇక లేవండి. చాప దులిపి చుట్టెయ్యండి. మీ ఇళ్ళల్లో కంచాలు పెట్టుకుని మీకోసమే చూస్తుంటారు, వెళ్ళి వేడివేడిగా తినండి.