చెయ్యి ఓర్చేంత వేడి

మా గురువుగారి మాటల్లోని లోతు నాకు తెలిసినంతగా ఆశ్రమంలో ఇంకెవరికీ తెలియదు. కాకపోతే ఆయన బోధించే వేళకు నేను వంటింట్లో పొయ్యి ఊదుతూ ఉంటాను. సగం మాటలే వినిపిస్తాయి. తక్కిన సగం నేనే కల్పించుకుంటాను.

నా తోటి శిష్యుడు నరహరికి ఆ సౌకర్యం లేదు. విన్నదల్లా నమ్ముతాడు. పైగా ఒక చోట కాలు నిలవదు. ఆ ఉదయం గురువుగారి ముందు నిలబడి తేల్చి చెప్పేశాడు: "నాకు ఉపదేశం ఎప్పుడిస్తారండీ? ఈ పున్నమికీ కాదంటే ఇంటికి పోతాను."

గురువుగారు గాదె వైపు చూశారు. "ఇవి కొత్తగా నూర్చిన వడ్లు. ఇంకా నిద్రలో ఉన్నాయి, ఓ పట్టాన మొలవవు. విత్తనాల్లో సగం తీసి, చెయ్యి ఓర్చేంత వేడినీళ్ళలో నానబెట్టి మండె కట్టు. మొలకెత్తాక అడుగు."

మండె కట్టడమంటే నానిన వడ్లను గోనెలో మూటగట్టి, గడ్డి కప్పి, పైన రాళ్ళు పెట్టడం. లోపలి వెచ్చదనానికి మొలక వస్తుంది. నరహరి నీళ్ళు కాచుకోడానికి నా పొయ్యి దగ్గరికే వచ్చాడు. కాసేపటికి వేలు ముంచి, "చాలంటావా?" అన్నాడు.

నేనూరుకుంటానా? "ఎవరి చెయ్యనుకున్నావు నాయనా? నీదా, నాదా? గురువుగారిది! తపస్సులో కాగిన చెయ్యి!"

నవ్వుతాడనుకున్నాను. వాడు ఇంకో రెండు కట్టెలు ఎగదోశాడు. నీళ్ళు సలసల కాగాక చెయ్యి ముంచి, "అమ్మో!" అని అరిచి, అయినా పళ్ళు బిగబట్టి, నేను వద్దనేలోపే వడ్ల మీద కుమ్మరించేశాడు.

ఆపైన వాడికి కుదురేదీ? రాళ్ళు దించడం, గోనె విప్పి చూడటం, మళ్ళీ కట్టడం, మళ్ళీ విప్పడం. మొలక రాలేదు. ఉడికిన అన్నం వాసన వచ్చింది. మిగిలిన సగం కూడా పోతే ఈ ఏడు చేను బీడే.

నరహరి మూట సర్దుకుని బయల్దేరుతుంటే గురువుగారు వాడి బొబ్బలెక్కిన చెయ్యి పట్టుకున్నారు. "ఎక్కడికి? మిగతా సగానికి నీళ్ళు నువ్వే కాచాలి. ఈ చేతికి ఇప్పుడు తెలుసు."

నేను కిసుక్కున నవ్వాను. ఆయన ఇటు తిరిగారు.

"నీ చెయ్యి ఎంత వేడి ఓరుస్తుందిరా?"

ఇన్నాళ్ళూ పొయ్యి ఊదానే గాని, కాగే నీళ్ళలో ఏనాడూ వేలి కొస కూడా ముంచలేదని, నరహరి వింటుండగానే, చెప్పుకోవలసి వచ్చింది.

"వాడి గింజ ఉడికింది," అన్నారు గురువుగారు. "నీది నాననే లేదు."