వెనక్కి తిరగని మాస్టారు

ఎమ్మెల్యే తవిటినాయుడు పేరు పేపర్లో పడని వారం ఉండదు. సగం మంది మెచ్చుకుంటారు, సగం మంది తిట్టిపోస్తారు. ఆశ్రమంలో చిదంబరయ్యగారు బీరకాయలు తరుగుతుండగా, శిష్యుడు రాజారావు మెచ్చేవాళ్ల తరఫున అడిగాడు: "స్వామీ, ఎంత గొడవైనా ఆయన అన్న మాట వెనక్కి తీసుకోడు. అది గొప్పతనం కాదంటారా?"

చిదంబరయ్యగారికి వాదించే అలవాటు లేదు. కళ్లారా చూసినదొకటి చెప్పారు.

తవిటినాయుడు రాజకీయాల్లోకి రాకముందు ఇరవై ఏళ్లు హైస్కూల్లో ఖోఖో నేర్పాడు. ఆ ఆటలో తరిమేవాళ్లు ఒక దిక్కు పట్టారంటే కోర్టు చివర పాతిన పోల్ చేరేదాకా వెనక్కి తిరగకూడదు, తిరిగితే ఫౌల్. మాస్టారు ఆ నియమాన్ని అసెంబ్లీ దాకా మోసుకెళ్లాడు. కిందటేడు ఒక బహిరంగ సభలో, ఎవరో చెప్పిన మాట నమ్మి, బడిలో వంట చేసే అసిరమ్మ పిల్లల మధ్యాహ్న భోజనానికిచ్చే గుడ్లు అమ్ముకుంటోందని మైకులో అనేశాడు. ఆమె ఒకప్పుడు ఆయన జట్టులో ఆడిన పిల్లే. మర్నాటికే అసలు సంగతి తెలిసింది: గుడ్లు కాంట్రాక్టరు దగ్గరినుంచే తక్కువొస్తున్నాయి. అప్పటికే ఆమె పని పోయింది. పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో ఎవరో పోసిపోయిన గుడ్డుపెంకులు. వింటేనే ఒళ్లు మండే సంగతి.

వారం తర్వాత అసిరమ్మ ఆయన ఆఫీసుకు వచ్చింది. కూలిపోయిన కల్వర్టు గురించి అడగడానికి వెళ్లి, చిదంబరయ్యగారు ఆ గదిలోనే, ఎమ్మెల్యే పక్క కుర్చీలో ఉన్నారు. చుట్టూ పదిమంది కార్యకర్తలు.

"నాను గుడ్లు అమ్మనేదని మీకు తెలుసు గదా మాస్టారూ?"

"తెలుసమ్మా."

"మరి ఆ ముక్క మైకులో సెప్పండి."

తవిటినాయుడు నవ్వాడు. "నువ్వు ఆడినదానివే కదా అసిరమ్మా. ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదని నీకు నేర్పింది నేనే కాదూ?"

"నేర్పినారు. పోలు కాడికెల్లినాక తిరగొచ్చని కూడా మీరే నేర్పినారు. ఇంకా పోలు రానేదా మాస్టారూ?"

కార్యకర్తలు ఫ్యాను వంక చూశారు. మాస్టారు ముఖం చిన్నబోయింది. ఆమెను దగ్గరకు పిలిచి, వంగి, మెల్లగా అన్నాడు: "పక్క మండలంలో వంటపని ఇప్పిస్తాను, సోమవారం చేరిపో. ఎవరితోనూ అనకు."

అసిరమ్మ చేతులు జోడించి వెళ్లిపోయింది. సోమవారం ఆ పనిలో చేరలేదు.

రాజారావుకు ఇది మింగుడుపడలేదు. "పోయిన పనికి బదులు పని ఇస్తానన్నాడు కదా స్వామీ. వద్దనడమెందుకు?"

చిదంబరయ్యగారు తరిగిన ముక్కలు గిన్నెలోకి తోశారు.

"దొంగ అన్నది మైకులో, నాయనా. పని ఇస్తానన్నది చెవిలో."