కోసేసిన కుర్చీ కాళ్లు

తాను చేసిన కుర్చీలో కూర్చోనని బడిపిల్ల మాబున్ని మొండికేసిందని విన్ననాడు ఓబులేసుకు అన్నం సయించలేదు.

ఆ ఊరి బడికి ఇంకా బల్లలు రాని రోజులవి. బడంటే పరిచిన ఈతచాపలు, తడిపలకల వాసన, ఒక్క గొంతుతో ఎక్కాలు. ముసలివాడైపోయినా, ఆ వాసన తలపుకొస్తే ఓబులేసుకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

మాబున్నికి పుట్టుకతోనే నడుము నిలవదు. చాప మీద కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేది. పట్నంలో దొరికే కుర్చీ కొనే తాహతు వాళ్లమ్మకు లేదు. అందుకని ఓబులేసే పూనుకున్నాడు. పండ్లపెట్టెల చెక్కలు తెచ్చి కుర్చీ బిగించాడు. పాత సైకిల్ ట్యూబు కోసి నడుముకు పట్టీ వేశాడు. వీపుకు దూదిమెత్త కుట్టించాడు. కాళ్లకు మాత్రం మంచి వేపచెక్క వెతికి, నున్నగా చిత్రిక పట్టి, ఎర్రరంగు పూశాడు.

మొదటిరోజు పిల్ల నిటారుగా కూర్చుంది. పంతులు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఊళ్లో ఎక్కడ చూసినా ఓబులేసు మాటే.

వారం తిరక్కుండానే వాళ్లమ్మ వచ్చింది. "బడికే పోనంటాంది నాయనా. కుర్చీ చూస్తే చాలు, ఏడుస్తాంది."

ఓబులేసు విసురుగా తన గురువు నబీసాహెబ్ దగ్గరికి పోయాడు. ఆ సూఫీ పెద్దాయన దర్గా వసారాలో పిచ్చుకలకు నూకలు చల్లుతున్నాడు.

"మంచి చేస్తే ఇంతే తాతా. విలువ తెలీదు."

నబీసాహెబ్ చేతులు దులుపుకున్నాడు. "రేపు పొద్దున బడికి పోదాం. పిల్లను ఎత్తుకురమ్మను."

మర్నాడు వాళ్లమ్మ బతిమాలి బతిమాలి మాబున్నిని కుర్చీలో కూర్చోబెట్టింది. నబీసాహెబ్ పోయి పిల్లల మధ్య చాప మీద చతికిలబడ్డాడు. గుమ్మంలో నిలబడ్డ ఓబులేసును చెయ్యూపి పిలిచాడు.

"ఇట్లా రా. నా పక్కన కూచో."

కూర్చున్నాడు. అక్కణ్ణుంచి చూస్తే మాబున్ని ఎక్కడో పైన ఉంది. పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. కింద ఆడపిల్లలు తలలు దగ్గరపెట్టుకుని ఏదో గుసగుసలాడి కిసుక్కుమంటున్నారు. మాబున్ని వాళ్ల పాపిళ్లకేసి చూస్తూ ఉంది.

నబీసాహెబ్ లేచాడు. "పంతులూ, రంపం దొరుకుతుందా?"

పక్కింటి నుంచి రంపం వచ్చింది. పిల్లను దించి, పెద్దాయన కుర్చీని బోర్లించాడు.

"తాతా! ఆ కాళ్లు..."

"రంపం ఒక కొస నేను పట్టుకుంటా. రెండోది నువ్వు పట్టు."

ఓబులేసుకు చెయ్యి రాలేదు. పెద్దాయన కొస వదలకుండా అట్లాగే నిలబడ్డాడు. చివరికి ఓబులేసు పట్టాడు. ఎర్రటి కాళ్లు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి నేలమీద పడ్డాయి.

పొట్టు ఊడ్చి, కుర్చీని ఆడపిల్లల నడుమ చాప మీద పెట్టారు. వాళ్లమ్మ పిల్లను అందులో కూర్చోబెట్టి పట్టీ బిగించింది. పక్కనున్న పిల్ల పంతులు చూడకుండా గుప్పిట చాపింది. అందులో చింతపిక్కలు.

"సరా? బేసా?"

"బేసి" అంది మాబున్ని. ఆ పిల్ల గుప్పిట విప్పింది. మాబున్ని పకపకా నవ్వింది. పంతులు తలెత్తేసరికి ఇద్దరూ పలకల్లోకి వంగిపోయారు.

ఓబులేసు కోసేసిన ఎర్రకాళ్లను ఏరి చంకలో పెట్టుకున్నాడు.

"మరీ చిన్నదైపోయింది తాతా" అన్నాడు మెల్లగా.

"చిన్నదైంది కుర్చీనే కదా నాయనా" అన్నాడు నబీసాహెబ్.